రెండో బేస్ గిటారు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే నకారా కేసును తలచుకోవడం మన ఆనవాయితీ. 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పెన్షన్ దయాభిక్ష కాదని తీర్పు చెప్పింది. ఆ విషయాలన్నీ పెద్దలు ఇంతకుముందే వివరంగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు, "మీరు ఏదన్నా సరదాగా సంగీతం మీద మాట్లాడండి" అన్నారు. నేను త్యాగరాజస్వామి గురించి మాట్లాడతానని అనుకున్నారేమో తెలియదు. నాకు అంత పాండిత్యం లేదు. నాకు తెలిసిందల్లా బేస్ గిటారు. డెబ్బయి మూడేళ్ల వయసులో రెండో బేస్ గిటారు కొనడానికి నేను పడిన అవస్థ చెబుతాను. అందులో సరదా కాని భాగం కూడా కొంత ఉంది. ఓపిక పట్టి వినవలసిందిగా ప్రార్థన.

మీలో చాలామందికి బేస్ గిటారు అంటే ఏమిటో తెలియకపోవచ్చు. అది మీ తప్పు కాదు. మామూలు గిటారుకు ఆరు తీగలు, దీనికి నాలుగు. తీగలు లావు, మెడ పొడుగు, శబ్దం కింది స్థాయి. దీని అన్నిటికంటే కింది తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. పూర్వం ఆర్కెస్ట్రాల్లో ఈ పనికి నిలువెత్తు డబుల్ బేస్ ఉండేది. దాన్ని బస్సులో ఎక్కించడం ఎవరి తరమూ కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో లియో ఫెండర్ అనే ఆయన 1951లో మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. మెట్లుంటే స్వరం కచ్చితంగా పలుకుతుంది గనక దానికి ప్రెసిషన్ అని పేరు పెట్టాడు. 1960లో సన్నని మెడతో జాజ్ బేస్ అని ఇంకొకటి తెచ్చాడు. ఈనాటికీ ప్రపంచంలో తయారయ్యే బేస్ గిటార్లలో చాలావాటికి ఈ రెండే మూలం.

మన ఇళ్లల్లో ఆ రోజుల్లో ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ స్పీకరు అంత కింది శబ్దాన్ని పలికించలేదు. పైన పలికే అనుస్వరాలను పట్టుకుని అసలు స్వరాన్ని మన చెవే ఊహించుకుంటుంది. అందుకే ఏళ్ల తరబడి వింటూ కూడా బేస్ ఉందని మనకు తెలియలేదు. 1983 నాటి 'సాగర సంగమం', 1989 నాటి 'గీతాంజలి' పాటలు ఈసారి మంచి స్పీకర్లో వినండి. ఇళయరాజాగారు గాయకుడి పాట కింద ఇంకొక పాట నడిపించినట్టు ఉంటుంది. ఆఫీసులో డిస్పాచ్ గుమాస్తా లాంటిది ఈ వాద్యం. ఉన్నప్పుడు ఎవరూ చూడరు. ఒక్కరోజు సెలవు పెడితే సెక్షన్ మొత్తం నిలిచిపోతుంది.

నేను పుట్టి పెరిగింది గౌలిగూడ రామమందిరం వెనక సందులో. 1973లో ఎల్.డి.సి.గా చేరాను. మా రిక్రియేషన్ క్లబ్బులో సినిమా పాటల ఆర్కెస్ట్రా ఉండేది. నేను మామూలు గిటారు నేర్చుకుంటూ వెనక కూర్చునేవాణ్ణి. బేస్ వాయించేది ఇంకో శాఖలో పనిచేసే ఒక పెద్దాయన. నాకంటే పదేళ్లు పెద్ద. అందరం అన్నయ్యగారు అనేవాళ్లం. ఆయనకు విజయవాడ బదిలీ అయినప్పుడు, "ఆరు తీగలు వాయించేవాళ్లు చాలామంది ఉన్నారురా, నాలుగు తీగల వాడు లేకపోతే బండి నడవదు" అని నన్ను కూర్చోబెట్టి నెలరోజులు నేర్పి వెళ్లారు.

1978లో నా మొదటి బేస్ కొన్నాను. కలకత్తాలో తయారైంది. తొమ్మిది వందల రూపాయలు. దసరా ఫెస్టివల్ అడ్వాన్సు మొత్తం దానికే పోయింది. ఆ ఏడు ఇంట్లో ఎవరికీ కొత్త బట్టలు లేవు. ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ ఏ పండక్కీ మరిచిపోదు. నలభై ఆరేళ్లు అదే వాయించాను. చివరికి దాని మెడ విల్లులా వంగింది. మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. తీగల లాగుడుకు మెడ వంగకుండా అదే కాపాడుతుంది. దాని మర అరిగిపోయి తిరగడం మానేసింది. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఆరు మిల్లీమీటర్ల ఎత్తుకు లేచింది. కీళ్లనొప్పులున్న నా వేళ్లు ఆ తీగను అదమలేకపోయాయి. బాగుచేయించడానికి అయ్యే ఖర్చుతో ఇంకొకటి వస్తుందన్నారు.

2009లో రిటైరయ్యాను గనక 2024లో నా కమ్యుటేషన్ పదిహేనేళ్లు నిండింది, కోత ఆగింది. (ఇక్కడ చప్పట్లు కొట్టిన మిత్రులకు ధన్యవాదాలు. ఆ ఆనందం మనకే తెలుసు.) మొదటి కొన్ని నెలల సొమ్ము కూడబెట్టి నలభై వేలు పక్కన పెట్టాను. రెండో బేస్ కొందామని నిశ్చయించుకున్నాను. పాతకాలపుదా, కొత్తదా అన్నదే ప్రశ్న.

పాతదాని పక్షాన చెప్పుకునేవి కొన్ని ఉన్నాయి. చెక్క బాగా ఎండి ఉంటుంది. మెడ అంచులు చేతులు తగిలి తగిలి నునుపు తేలి ఉంటాయి. ఫెండర్ కంపెనీని 1965లో సి.బి.ఎస్. అనే పెద్ద సంస్థ కొన్నది. అంతకుముందు తయారైనవాటిని వాద్యకారులు బంగారంలా చూస్తారు. కొత్తది దుకాణం గడప దాటగానే ధర తగ్గుతుంది. మంచి పాతది ఏటేటా పెరుగుతుంది. ఆ రోజుల్లో వాడిన రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి జాతి చెక్క, అడవుల్లో తరిగిపోయింది. 2017 జనవరి నుంచి ఆ జాతి చెట్లన్నిటినీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి తెచ్చారు. తయారైన వాద్యాలకు 2019 చివర్లో సడలింపు ఇచ్చారు.

కొత్తదాని పక్షాన చెప్పేవి కూడా తక్కువేమీ కావు. ఈ రోజుల్లో యంత్రాలతో కోసే మెడలు, మెట్లు చవక వాద్యంలో కూడా సాఫీగా ఉంటున్నాయి. పాత ఫెండర్లలో ట్రస్ రాడ్ తిప్పాలంటే చాలావాటికి మెడ ఊడదీయాలి. కొత్తవాటిలో ఎక్కువభాగం పైనుంచే తిప్పవచ్చు. విడిభాగాలు సులభంగా దొరుకుతాయి. అయిదు తీగలవి కూడా ఉన్నాయి. వాటి కింది తీగ 31 కంపనాల దాకా దిగుతుంది. ఇప్పటి సినిమా పాటలకు అది అవసరం పడుతోంది. బ్యాటరీతో నడిచే యాక్టివ్ రకాలున్నాయి. శబ్దం శుభ్రంగా ఉంటుంది గాని, వాయించాక వైరు పీకడం మరిచిపోతే తెల్లవారేసరికి బ్యాటరీ నీరసిస్తుంది. కళ్లజోడు ఎక్కడ పెట్టానో మరిచిపోయే వయసులో ఇది ఆలోచించవలసిన విషయం.

పాతదయినంత మాత్రాన గట్టిదన్న నమ్మకం నాకు లేదు. మా గౌలిగూడ పాత బస్టాండు షెడ్డు నిజాం కాలం నాటిది. గిటారు భుజాన వేసుకుని ఎన్నోసార్లు ఆ రేకుల కింద బస్సెక్కాను. 2018 జులైలో ఒక తెల్లవారుజామున అది మొత్తం కూలిపోయింది. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. చూడ్డానికి గంభీరంగా ఉన్నా లోపల ఏ మర వదులైందో పైకి తెలియదు.

అందుచేత ఏదైనా చూడవలసిన పద్ధతిలో చూడాలి. మీ మనవలెవరైనా కొనాలంటే ఉపయోగపడుతుందని చెబుతున్నాను. మెడను తుపాకీ గురిచూసినట్టు ఒక కంటితో చూడాలి, వంపు, మెలిక తెలుస్తాయి. ప్రతి తీగ మీదా ప్రతి మెట్టూ వాయించాలి. ఎక్కడైనా గరగరమంటే మెట్టు లేచిందన్నమాట. పన్నెండో మెట్టు దగ్గర తీగను తేలిగ్గా తాకి మీటిన స్వరమూ, అదిమి మీటిన స్వరమూ ఒకటి కావాలి. కాకపోతే శ్రుతి నిలవదు. సన్నతీగ మీద అయిదు నుంచి ఏడో మెట్టు వరకు స్వరం తొందరగా చచ్చిపోతుందేమో చెవిపెట్టి వినాలి. గుండీలు తిప్పి చూడాలి. బిరడాలు జారుతున్నాయా గమనించాలి. ఇంకొకటి. మన కరెంటు 50 సైకిళ్లది. బేస్ మీద కింది గాంధారమో పంచమమో అనుకోండి, ఇంగ్లీషులో 'జి' అనే స్వరం 49 కంపనాలు. కరెంటు రొద సరిగ్గా దాని పక్కనే కూర్చుని అపశ్రుతిలా వినిపిస్తుంది. జాజ్ బేస్‌లో రెండు పికప్‌లనూ సమంగా తెరిస్తే ఆ రొద చాలావరకు పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, భుజానికి తగిలించుకుని అరగంట నిలబడి చూడాలి. దుకాణంలో స్టూలు మీద కూర్చుని వాయిస్తే బరువు తెలియదు.

ఇలా ఆబిడ్స్‌లోనూ, సికింద్రాబాదులోనూ దుకాణాలు తిరుగుతుండగా వదినగారి దగ్గర నుంచి ఫోను వచ్చింది.

వదినగారు అంటే మా అన్నయ్యగారి భార్య. ఆయన 2021లో పోయారు. కాచిగూడలో ఒక వాటాలో ఒక్కరే ఉంటున్నారు. ఫ్యామిలీ పెన్షన్ మీద గడుపుకుంటున్నారు. "మీ అన్నయ్య గిటారు మంచం కింద పడి ఉంది. మీరు కొత్తది చూస్తున్నారని తెలిసింది. తీసుకుపోయి పదిరోజులు వాయించి చూడండి. నచ్చితే ముప్పై వేలు ఇవ్వండి. ఆయన మద్రాసులో మూడు వేలకు కొన్నారు. పదింతలు అడుగుతున్నాను, ఎక్కువైతే మొహమాటపడకుండా చెప్పండి" అన్నారు.

ఆ వాద్యం నాకు తెలుసు. దాని మీదే నేర్చుకున్నాను. 1976లో దేశం వదిలి వెళుతున్న ఒక విదేశీయుడి దగ్గర ఆయన కొన్న ఫెండర్ జాజ్ బేస్ అది. ఇంటికి తెచ్చి గుండీల కింది రేకు విప్పాను. లోపలి భాగాల మీద మన ఆర్డరు నంబర్ల లాగే నంబర్లుంటాయి. 1377108 అని ఉంది. 137 అంటే తయారుచేసిన కంపెనీ. 71 అంటే సంవత్సరం. 08 అంటే ఎనిమిదో వారం. అంటే 1971 ఫిబ్రవరికి ముందుది కాదు. వెనక పలకకు నాలుగు మరలు, మధ్యలో పెద్ద 'ఎఫ్' అక్షరం. ఆ కాలానికి సరిపోయింది. ఏ భాగమూ మార్చలేదు. మనవడి చేత ఫోనులో అలాంటివాటి అమ్మకాలు చూపించమన్నాను. వాడు చూపించినవాటిలో మూడు లక్షలకు తగ్గింది ఒక్కటీ లేదు.

మహాశయులారా, అప్పుడు వెంటనే వదినగారికి ఫోను చేశానని చెబితే బాగుండేది. చేయలేదు. పదకొండు రోజులు నోరు విప్పలేదు.

ఆ పదకొండు రోజులూ పొద్దున, సాయంత్రం వాయించాను. శబ్దం గురించి అబద్ధం చెప్పను. అంత బాగా పలికే వాద్యం నా చేతికి ఎప్పుడూ రాలేదు. మీటితే చెక్క మొత్తం పొట్టకు ఆని పలికేది. నా మనసు నాకు రకరకాలుగా సర్దిచెప్పింది. అడిగింది ఆవిడే కదా, నేను బేరమాడలేదు కదా. అన్నయ్యగారు ఉంటే నాకే ఇచ్చేవారు కదా. ఎవరో డబ్బున్నవాడు కొని అద్దాల బీరువాలో పెట్టే కన్నా నా చేతిలో మోగితే మేలు కదా. ఈ వాదాల్లో ఒక్కటీ పూర్తిగా తప్పు కాదు. అందుకే అవి ప్రమాదకరమైనవి.

పన్నెండో రోజు పొద్దున, అలవాటు చొప్పున, ఒక తెల్లకాగితం తీసుకుని గడులు గీశాను. ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఏ నిర్ణయానికైనా తులనాత్మక పట్టిక వేశాక గాని నోట్ రాయలేదు. ఒకవైపు పాత వాద్యం, ఇంకోవైపు దుకాణంలో చూసిన కొత్తది. శబ్దం, బరువు, మెడ, మరమ్మతు, విడిభాగాలు అని రాసుకుంటూ వచ్చాను. బరువు దగ్గర పాతది నాలుగున్నర కిలోలు అని రాశాను. ధర దగ్గర ముప్పై వేలు అని రాశాను. తర్వాతి గడి 'ప్రస్తుత విలువ'. కొత్తదానికి రాశాను. పాతదానికి పెన్ను ఆగింది.

మా ఆవిడ కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ కాగితం చూసింది. "ఆ గడి ఖాళీగా ఉందేం?" అంది. "తర్వాత రాస్తాను" అన్నాను. "మీకు తెలియకనా, రాయడం ఇష్టం లేకనా?" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

నేను ఆ సాయంత్రమే కాచిగూడ వెళ్లాను. గిటారు కూడా తీసుకువెళ్లాను. "వదినగారూ, దీని విలువ మూడు లక్షల పైమాట. నాకు మొదటిరోజే తెలుసు, చెప్పలేదు. క్షమించాలి" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన కూడా నాకెప్పుడూ చెప్పలేదు. చెబితే అమ్మేస్తానని భయపడి ఉంటారు" అని నవ్వారు. "మీరు తీసుకోండి, ఫరవాలేదు, ముప్పై వేలే ఇవ్వండి" అని రెండుసార్లు అన్నారు. ఆ మాటకు మళ్లీ ఆశ పుట్టలేదని చెప్పలేను. కాని ఫ్యామిలీ పెన్షన్ ఎంతో, మందుల ఖర్చు ఎంతో మనందరికీ తెలుసు. పాత పెన్షనరూ కొత్త పెన్షనరూ ఒకటేనని న్యాయం అడిగి సాధించుకున్నవాళ్లం, మనలో ఒకరి భర్త వస్తువును పదో వంతుకు ఎలా పట్టుకుపోతాం?

నెల తిరగకముందే సినిమా రికార్డింగుల్లో బేస్ వాయించే ఒక కుర్రాడు వచ్చి, రేకు విప్పి నంబర్లు చూసి, మూడు లక్షల పదివేలకు తీసుకున్నాడు. బీరువాలో పెట్టడం కాదు, వాయించడానికే తీసుకున్నాడు. వదినగారు ఆ డబ్బు సీనియర్ సిటిజన్ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేశారు. నేనే తోడు వెళ్లి ఫారం నింపాను. గుమాస్తాకు తెలిసిన సహాయం అదే కదా.

ఇక నా సంగతి. దుకాణానికి మళ్లీ వెళ్లాను. ఈసారి పట్టికలో ఒక కొత్త గడి కలిపాను: 'వాయించేవాడి వయసు'. మామూలు బేస్‌లో తీగ పలికే పొడుగు 34 అంగుళాలు. కింది మెట్ల మీద వేళ్లు బాగా చాపాలి. 30 అంగుళాల పొట్టి రకం కూడా ఉంది. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ వాయించిన, వయొలిన్ ఆకారంలో ఉండే హాఫ్‌నర్ ఆ కొలతదే. పొట్టి రకంలో కింది తీగ కాస్త వదులుగా పలుకుతుంది. కొంచెం లావు తీగ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. నాలుగు తీగలు, బ్యాటరీ లేనిది, మూడు కిలోల చిల్లర బరువున్నది ఎంచుకున్నాను. మేము వాయించేవి పాత పాటలు, అయిదో తీగతో పని లేదు. ముప్పై నాలుగు వేలు అయింది. మిగిలిన ఆరు వేలతో మా ఆవిడకు చీర కొన్నాను. 1978 దసరా బాకీ అని చెప్పాను. వడ్డీ సంగతేమిటని అడిగింది.

మిత్రులు నన్ను అడుగుతుంటారు, పాతది మేలా, కొత్తది మేలా అని. నా అనుభవంలో తేలింది చెబుతాను. రోజూ వాయించి సంపాదించేవాడికి, బాగుచేయించే స్తోమత ఉన్నవాడికి, మంచి పాతది కొనదగ్గదే. శబ్దంలో తేడా లేదని అనేవాళ్లతో నేను ఒప్పుకోను. అయితే ఆ తేడాలో సగం వేళ్లది, తీగలది, ఆంప్లిఫయరుది. మన వయసువాళ్లకు తేలికైనది, శ్రుతి నిలిచేది, మర్నాడు భుజం నొప్పి పెట్టనిది మేలు. పాతది కొంటే మాత్రం, అమ్మేవారికి దాని విలువ తెలుసో లేదో ముందు కనుక్కోండి. తెలియకపోతే మీరే చెప్పండి. మొదటి రోజే చెప్పండి. నాలాగ పన్నెండు రోజులు ఆగకండి, ఆ రోజుల్లో వాయించిన పాట ఏదీ తర్వాత తీపిగా గుర్తుండదు.

భోజనాల తర్వాత మన సంఘం ఆర్కెస్ట్రా నాలుగు పాటలు వాయిస్తుంది. అన్నయ్యగారికి ఇష్టమైన పాట మొదట పెట్టుకున్నాం. వదినగారు కూడా ముందు వరుసలో ఉన్నారు. గాయకులను ఎలాగూ వింటారు. ఒక్క చరణం సేపు కింది శబ్దాన్ని కూడా వినండి. వినిపించకపోతే నా వాద్యం తప్పు కాదు, నా వేళ్ల తప్పు.